గోపాలపురం ఒడ్డున మన బాకీ

బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగు ఇళ్ళలో 'సముద్రానికి వెళ్దామా?' అని ఎవరైనా అంటే, 'ఏ సముద్రానికి?' అని తిరిగి అడిగేవారుండరు. సముద్రమంటే గోపాలపురమే. కార్తీక మాసపు వనభోజనాలకు, సంక్రాంతి వెళ్ళిన మరునాటి విహారానికి, వేసవి సెలవుల్లో వచ్చిన చుట్టాలకు చూపించడానికి, పులిహోర గిన్నె, మంచినీళ్ళ కూజా, ఒక పాత దుప్పటి పట్టుకొని బరంపురంలో బస్సెక్కితే పదహారు కిలోమీటర్ల అవతల దిగడమే. నావలె నలభయ్యో పడిలో ఉన్నవారికి ఇది బాల్యస్మృతి. దీపస్తంభం, సరుగుడు తోపు, పాత రేవు మిగిల్చిపోయిన స్తంభాలు, ఇసుకలో బోర్లించిన పడవలు లేని చిన్నతనాన్ని నేను ఊహించుకోలేను.

మరొకటి కూడా గుర్తుంది. బడిపంతులైన మా నాన్నగారు బస్సు దిగగానే, ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకు మమ్మల్ని అప్పగించేవారు. ఆయన మా చేతులు పట్టుకొని నీళ్ళలోకి తీసుకువెళ్ళేవాడు. ఏ కెరటానికి ఎగరాలో, ఏ కెరటానికి తల వంచాలో, కాళ్ళ కింద ఇసుక జారుతున్నప్పుడు ఎటు నడవాలో తెలుగులోనే చెప్పేవాడు. గోపాలపురం సముద్రానికి లాగుడు ఎక్కువ. ఈత వచ్చినవారిని కూడా నమ్మనివ్వదు. ఆ చేయి లేకపోతే మేము నీళ్ళలో దిగేవాళ్ళమే కాదు. సాయంత్రం తిరుగు బస్సుకు ముందు నాన్నగారు ఆయన చేతిలో కొంత డబ్బు, ఆయన పిల్లలకని రెండు నోటుపుస్తకాలు పెట్టేవారు. ఇన్నేళ్ళలో ఆయన పేరు మేము ఏనాడూ అడగలేదు. 'నోలియా తాత' అనేవాళ్ళం. నోలియా అన్నది చుట్టూ ఉన్న ఒడియావారు పిలిచే పిలుపనీ, అక్కడి మన బెస్తవారు తమను తాము వాడబలిజలమనీ, జాలారులమనీ చెప్పుకుంటారనీ న్యాయవాద వృత్తిలోకి వచ్చిన తరవాత గానీ నాకు తెలియలేదు.

ఈ నాలుగు మాటలూ ఆ బాకీ గురించి.

ఒడ్డు పాతదే, సర్కారు మారింది

గోపాలపురం ఒకనాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు పెద్ద రేవు. ఇక్కడి నుంచి సరుకుతోపాటు మనుషులు కూడా ఓడలెక్కి రంగూనుకు వెళ్ళారు. మన పల్లెల్లో 'రంగం పోయినవారు' లేని వాడకట్టు అరుదు. 1941 డిసెంబరులో రంగూనుపై జపాను బాంబులు పడ్డాక, కాలినడకన కొండలు దాటి ఇళ్ళు చేరినవారి కథలు మా అమ్మమ్మల తరం చెప్పగా విన్నాం. ఆ రాకపోకలు ఆగిపోవడంతో పాత రేవు పాడుపడింది. ఓడలు పోయినా తెప్పలు నిలిచాయి, తెప్పలు నడిపేవారూ నిలిచారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలో చాలా భాగం అందులో చేరింది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు మద్రాసులో మిగిలి, 1950లో ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చాయి. తరవాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1894లో పుట్టినది బరంపురంలో; అప్పటికి ఈ గీత లేదు. ఒక్క రోజులో సర్కారు మారింది. ఒడ్డున తెప్ప నిలుపుకున్నవాడు మాత్రం తన తెప్పను ఒక్క అడుగు కూడా జరపలేదు. వాడిని ఈనాడు 'బయటినుంచి వచ్చినవాడు' అనడానికి ఎవరికీ అధికారం లేదు. మనం కూడా వారిని 'వలస తెలుగువారు' అని జాలిగా అనడం మానుకోవాలి.

తీరం పొడవునా ఊళ్ళ పేర్లు వింటే చాలు. వెంకటరాయపురం, బక్సిపల్లి, అర్జిపల్లి, పొడంపేట. వీటిలో వెంకటరాయపురానికి 2020లో ఒక గౌరవం దక్కింది. సునామీని ఎదుర్కోవడానికి సంసిద్ధమైన గ్రామంగా యునెస్కోకు చెందిన సముద్రవిజ్ఞాన సంఘం దానిని గుర్తించింది. భారతదేశంలో ఆ గుర్తింపు తొలిసారిగా పొందినవి రెండే రెండు ఊళ్ళు. రెండూ ఒడిశా తీరంలోని బెస్త ఊళ్ళే. ఇక రుషికుల్య ముఖద్వారం దగ్గరి పొడంపేట సముద్రపు కోతకు గురై, ఇళ్ళు కడలిలో కలిసి, జనం వెనక్కి జరగవలసి వచ్చింది. మనం ఫోటోలు తీసుకునే ఒడ్డుకు కూతవేటు దూరంలో ఇన్ని జరిగాయి. ఈ సంగతులు మన ఇళ్ళలో ఎందరికి తెలుసు?

ఫైలిన్ తరవాత విన్న మాట

2013 అక్టోబరు 12, దుర్గాష్టమి రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం సమీపంలో తీరం దాటింది. గంటకు రెండువందల కిలోమీటర్లకు పైబడిన గాలి. సరుగుడు తోపులు నేలమట్టమయ్యాయి. ఒడ్డునున్న కొట్లు, బళ్ళు, వలలు, పడవలు ఎక్కడివి ఎక్కడ తేలాయో తెలియలేదు. అయితే మనుషులు మిగిలారు. 1999 అక్టోబరు 29 నాటి పెను తుపానులో ఇదే రాష్ట్రం పదివేల మందికి దగ్గరగా ప్రాణాలు పోగొట్టుకున్నది. ఫైలిన్‌కు ముందు పది లక్షలకు దగ్గరగా జనాన్ని తరలించడం వల్ల మృతుల సంఖ్య వంద లోపే ఆగింది. ఆ ఘనత రాష్ట్ర యంత్రాంగానికి దక్కవలసినదే; విమర్శించే కలం ఇది కూడా రాయాలి.

పది రోజుల తరవాత మేము కొందరం మిత్రులం బియ్యం, దుప్పట్లు పోగుచేసి బండిలో తీసుకువెళ్ళాం. మా అందరి మనసుల్లోనూ దానం చేస్తున్నామన్న భావన కొంత లేకపోలేదు. పంపకం అయిపోయాక ఒక ముసలమ్మ నన్ను పక్కకు పిలిచింది. చేపలు వేయించి అమ్ముకునే ఆమె బండి కొట్టుకుపోయి, అప్పుతెచ్చిన కొత్త రేకులతో మళ్ళీ నిలబెట్టుకుంటున్నది. ఆమె అన్నమాట ఇది:

"బియ్యం ఎవులో ఒకలు తెస్తన్నారు బాబూ, దండాలు. బియ్యం ఎన్నాళ్ళు తింటాం? మీరు పిల్లల్ని తీసుకొని ఎప్పట్లాగ రండి. బళ్ళు తెరిసీసినామని నలుగురికీ సెప్పండి. ఈ ఊరు పోయిందని మీవోళ్ళు అనుకుంటే, నిజంగానే పోద్ది."

నా న్యాయశాస్త్ర పట్టా ఎప్పుడూ చెప్పని పాఠం ఆ ఒక్క మాటలో ఉంది. విపత్తు వచ్చిన వారం రోజులు అందరూ వస్తారు. తరవాతి మూడేళ్ళు ఎవరూ రారు. ఆ మూడేళ్ళలోనే కుటుంబం నిలుస్తుందో, పడిపోతుందో తేలిపోతుంది.

ఈ తీరపు సంవత్సరాన్ని ఒక్కసారి లెక్కవేసి చూడండి. వానాకాలంలో సముద్రం కోపంగా ఉంటుంది, వేట తక్కువ. దసరా నుంచి కార్తీకం దాకా విహారానికి వచ్చేవారు ఎక్కువ. వారి సంపాదనకు అదే అసలు కాలం. తుపానులు వచ్చేదీ అప్పుడే. ఫైలిన్ దసరా రోజుల్లో వచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ మళ్ళీ నవరాత్రుల్లోనే పలాస దగ్గర తీరం దాటి, అటు సిక్కోలునూ ఇటు గంజాం, గజపతి జిల్లాలనూ ఒకే దెబ్బ కొట్టింది. ఇక నవంబరు 1 నుంచి మే 31 దాకా, గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్రపు తాబేళ్ళ రక్షణ కోసం రుషికుల్య ముఖద్వారం వద్ద తీరానికి 20 కిలోమీటర్ల లోపు చేపల వేటకు నిషేధం. తాబేలు బతకాలి, సందేహం లేదు. అయితే తాబేలు కోసం వల మడిచిన మనిషి కూడా బతకాలి కదా! దసరా ఆదాయం గాలివాన పాలై, నవంబరులో వల మూలపడితే, మిగిలేది వలసదారి. మన సిక్కోలు బెస్తలు గుజరాతులోని వేరావల్ దాకా కూలికి పోవడం అందరికీ తెలిసినదే. ఒడ్డున రెండో ఆదాయం ఒకటి ఉంటే ఆ ప్రయాణాలు కొన్నయినా తప్పుతాయి. ఆ రెండో ఆదాయం మన వంటి వచ్చిపోయేవారి చేతుల్లో ఉన్నది.

వేలిముద్ర వేసిన కాగితం

ఆ ముసలమ్మ భర్త ఆ రోజే నాకొక కాగితం చూపించాడు. పడవ నష్టం నమోదు చేసుకొని వెళ్ళినవారు ఇచ్చిన నకలు అది. ఒడియాలో ఉన్నది. ఆయనకు ఒడియా మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. తెలుగు చదవడం కూడా రాదు. కాని తెలుగులో చదివి వినిపిస్తే తప్పు ఎక్కడుందో క్షణంలో పట్టుకోగలడు. వేలిముద్ర వేయమంటే వేశాడు. పడవ రెండు ముక్కలై ఇసుకలో పడి ఉంటే, కాగితంలో 'పాక్షిక నష్టం' అని ఉన్నది.

విపత్తు సహాయ నిబంధనల్లో పాక్షికంగా దెబ్బతిన్న పడవకు మరమ్మతు సహాయం, పూర్తిగా పోయిన పడవకు కొత్తది కొనుక్కొనే సహాయం వేరువేరు. ఒక్క మాట తేడాతో ఒక కుటుంబపు నాలుగైదేళ్ళ భవిష్యత్తు మారిపోతుంది. రాసినవాడు దుర్మార్గుడని నేను అనను. రోజుకు వందల ఇళ్ళు తిరుగుతూ, నిద్రాహారాలు లేక రాసి ఉంటాడు. తప్పు ఏర్పాటులో ఉన్నది. రాసిన మాటను, వేలిముద్ర వేసేవాడికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించే ఏర్పాటు లేదు. అదే రోజు పడవ ఇసుకలో కూర్చుని అటువంటి అర్జీలు కొన్ని రాశాను. కొందరికి సవరణ జరిగింది, కొందరికి జరగలేదు. ఆ పెద్దాయన జరగని వారిలో ఉన్నాడు.

ఇక్కడ చట్టం ఏమి చెబుతున్నదో మన కుటుంబాలు తెలుసుకోవాలి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షను, సహాయం, పరిహారం ఇవ్వడంలో లింగం, కులం, సముదాయం, వంశం, మతం కారణంగా వివక్ష చూపరాదన్నది. మంచి సెక్షను. కాని ఆ జాబితాలో 'భాష' అన్న మాట లేదు. వివక్ష చూపాలన్న ఉద్దేశం ఎవరికీ లేకపోయినా, భాష తెలియకపోవడం వల్లనే పరిహారం తగ్గిపోయే మనిషికి ఆ సెక్షను నేరుగా అండగా నిలబడదు. ఈ లోటును మన ఉద్యమం పట్టించుకోవలసి ఉన్నది.

అయితే చేతిలో ఏమీ లేదని కాదు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఏ పౌరుడైనా తన ఇబ్బందిని కేంద్రంలోగాని, ఆ రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా విన్నవించుకోవచ్చు. గోపాలపురం బెస్తవాడు తన అర్జీని తెలుగులో రాయించి ఇవ్వవచ్చు; 'ఒడియాలో తెచ్చుకో' అని తిప్పి పంపడం చెల్లదు. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన 350-ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించమన్నది. అదే సవరణతో వచ్చిన 350-బి, భాషా అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేకాధికారిని ఏర్పాటు చేసింది. జిల్లాలోగాని, పురపాలక ప్రాంతం వంటి చిన్న పరిధిలోగాని అల్పసంఖ్యాక భాషవారు నూటికి పదిహేనుకు తగ్గకుండా ఉంటే ముఖ్యమైన ప్రకటనలను, నియమాలను ఆ భాషలో కూడా ప్రచురించాలన్నది రాష్ట్రాలతో కుదిరిన పాత ఒప్పందం. జిల్లా మొత్తం లెక్కలో మనం కనిపించకపోవచ్చు. తీరపు ఊరి లెక్కలో తప్పక కనిపిస్తాం. అందుకే 2027 మార్చి 1ని లెక్కతేదీగా ప్రకటించిన జనగణనలో, మాతృభాష గడిలో 'తెలుగు' అని చెప్పడం ఒడ్డునున్న ప్రతి కుటుంబానికీ బతుకుతెరువుతో సమానమైన పని.

తుపాను హెచ్చరిక కోసం ఒడిశా తీరంలో సైరన్ గోపురాలు వెలిశాయి. ఎంతో మేలు. సైరన్‌కు భాష లేదు. సైరన్ మోగిన తరవాత 'ఎటు వెళ్ళాలి, ఏమి పట్టుకోవాలి, ఎన్ని గంటల్లో' అని చెప్పే మాటకు మాత్రం భాష ఉన్నది. ఆ మాట ఇంట్లో ముసలివారికి, చంటిపిల్లల తల్లికి ఎత్తుకున్న నుడిలో చేరాలి.

మూడు అభ్యంతరాలు

ఈ విషయం మాట్లాడినప్పుడల్లా మన బంధువులు, మిత్రులు మూడు అభ్యంతరాలు చెబుతారు. వాటిని తేలికగా తోసివేయలేము.

మొదటిది, 'గాలివానలు వచ్చే చోటికి పిల్లలతో ఎలా వెళ్తాం?' అని. తుపాను చెప్పకుండా రాదు. నాలుగైదు రోజుల ముందే తెలుస్తుంది. హెచ్చరిక ఉన్నప్పుడు వెళ్ళనే కూడదు. అక్కడివారికి మనమే భారమవుతాం. హెచ్చరిక లేని రోజులు ఏడాదిలో ఎన్నో ఉన్నాయి. విశాఖ మీద 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడినది. ఆ కారణంగా మనం విశాఖ వెళ్ళడం మానామా? గోపాలపురానికి ఒక న్యాయం, విశాఖకు ఒక న్యాయమా?

రెండవది, 'తెలుగువారి దగ్గరే కొనండి అనడం సంకుచితం కాదా? ఒడియా బళ్ళవాడు పేదవాడు కాడా?' అని. ఈ ప్రశ్న వేసినవారికి నా నమస్కారం. నేను అట్లా కొనమనడం లేదు. ఒడ్డున ఒడియా కేవటుడు, తెలుగు జాలారి ఒకే గాలికి తడిశారు. ఎవరి బండి దగ్గర నిలబడ్డా సంతోషమే. నేను కోరేది రెండే. మన డబ్బు ఎక్కడో ఉన్న యజమానికి చేరే పెద్ద హోటలు గల్లాపెట్టె కంటే ఒడ్డునున్న చేతికి ఎక్కువగా అందాలి. తెలుగు తెలిసిన మనిషితో మనం తెలుగులో మాట్లాడాలి. మన హక్కు అడగడమంటే పొరుగువాడి హక్కు తగ్గించడం కాదు. ఒడియా నేర్చుకోవద్దని కూడా మనం ఏనాడూ అనలేదు. మా ఇంట్లో పిల్లలు రెండు లిపులూ రాస్తారు.

మూడవది ఎవరూ పైకి చెప్పరు, నడవడికలో కనిపిస్తుంది. మన కుటుంబాలు గోపాలపురంలో దిగగానే చేపలమ్మితో హిందీ మొదలుపెడతాయి. ఆమె తెలుగులో జవాబిస్తే, ఆ యాసకు మన పిల్లలు నవ్వుతారు, మనం వారించం. ఇంటికి వచ్చి భాషాభిమానం మీద సభలు పెడతాం. 'ఏటి బాబూ, ఎప్పుడొచ్చినారు?' అన్న మాట మన తాతల నోట విన్నదే కదా! పుస్తకం, బడి, పత్రిక ఏవీ అండగా లేకుండా తొంభయ్యేళ్ళుగా ఆ నుడిని నిలుపుకొన్నవారు వారు. బళ్ళు, సభలు, పత్రికలు అన్నీ ఉండి మనం ఇళ్ళలో పోగొట్టుకుంటున్నాం. ఎవరు ఎవరిని చూసి నవ్వాలి?

ఏమి చేద్దాం?

ఉపన్యాసంతో సరిపెట్టకుండా, ఒక కుటుంబం చేయగల పనులు చెబుతాను.

ఏడాదికి ఒక్కసారైనా గోపాలపురానికి ఒక రాత్రి నిద్రచేసేలా వెళ్ళండి. పొద్దున వచ్చి పులిహోర తిని సాయంత్రం వెళ్ళిపోతే ఒడ్డుకు మిగిలేది విస్తరాకులే. స్థానికులు నడిపే చిన్న లాడ్జీలో దిగండి. అక్కడి చేతి వంట తినండి. డిసెంబరు ఆదివారాల రద్దీలోనే కాక, జనం పల్చబడిన ఫిబ్రవరి, జూలై నెలల్లో కూడా వెళ్ళండి. బేరం లేని రోజున అందిన వంద రూపాయల విలువ వేరు.

చేపలను, ఎండు నెత్తళ్ళను పట్టినవారి ఇళ్ళవారి దగ్గరే కొనండి. గీచి గీచి బేరమాడకండి. గవ్వలు, శంఖాలు కొనేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. కొన్ని జాతుల గవ్వలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి వచ్చాయి. తెలియనిది కొనకపోవడం మీకూ అమ్మినవారికీ మంచిది. తాబేలు గుడ్లు పెట్టే కాలంలో రుషికుల్య వైపు వెళితే, ఊరివారిని వెంట పెట్టుకొని, దీపాలు వెలిగించకుండా, దూరం నుంచి చూసి రండి. ఆ దారి చూపినవారికి ప్రతిఫలం ఇవ్వండి.

పిల్లలు నీళ్ళలో దిగేముందు ఒడ్డు తెలిసిన మనిషిని పిలవండి. అతని సమయానికి ముందే ధర మాట్లాడుకొని పూర్తిగా ఇవ్వండి. మా నాన్నగారు ఇచ్చినట్టు 'కొంత డబ్బు' అని కాక, నేర్పు తెలిసిన పనివాడికి ఇచ్చే కూలిగా ఇవ్వండి.

న్యాయవాదులు, ఉపాధ్యాయులు, విశ్రాంత ఉద్యోగులు నెలకు ఒక్క ఆదివారం తీరపు ఊళ్ళో అర్జీలు రాసే పని పెట్టుకోండి. ఒక బల్ల, రెండు కలాలు, తెలుగూ ఒడియా రెండూ వచ్చిన ఇద్దరు మనుషులు చాలు. ప్రతి అర్జీకి నకలు, అందినట్టు ముద్ర తప్పక తీసుకోవాలి. ముద్ర లేని అర్జీ గాలిలో మాట.

బళ్ళవారికి ఒక చట్టం ఉన్నదని చెప్పండి. 2014 నాటి వీధి వర్తకుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదు. పట్టణ వర్తక సంఘంలో నూటికి నలభైకి తగ్గకుండా వర్తకుల ప్రతినిధులే ఉండాలి. అందులో మూడోవంతు స్త్రీలు. సుందరీకరణ పేరుతో ఒడ్డు మారుతున్నప్పుడు చేపలమ్మి ఆ సంఘంలో కూర్చుని తన మాట తాను చెప్పుకోవాలి. అట్లాగే, 2011 నాటి తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటన, జిల్లా స్థాయి సంఘాల్లో సంప్రదాయ తీరవాసుల ప్రతినిధులు కనీసం ముగ్గురు ఉండాలన్నది. ఆ స్థానాల్లో మన తెలుగు బెస్తల గొంతు ఉన్నదా అని అడగడం మన సంఘాల పని.

గోపాలపురం ఒక్కటే కాదు. 2019 మే 3న ఫణి తుపాను విరుచుకుపడిన పూరీలో పెంటకోట తెలుగు బెస్తల పేట. జగన్నాథ దర్శనానికి వెళ్ళే మన కుటుంబాలు ఎన్నో. పెంటకోట వైపు నాలుగు అడుగులు వేసినవి ఎన్ని? ఎక్కడ మనం సెలవు గడుపుతామో అక్కడ మనవారు ఎవరున్నారో ముందుగా తెలుసుకొని వెళ్ళడం అలవాటు చేసుకుందాం.

చివరి మాట

కిందటి వేసవిలో నేను పిల్లలతో గోపాలపురం వెళ్ళాను. మా నోలియా తాత ఎప్పుడో పోయాడు. ఆయన పేరు కనుక్కుందామని ఒడ్డున నలుగురైదుగురిని అడిగాను. 'మీరు సెప్పే గుర్తులకి పదిమంది ఉన్నారు బాబూ. పేరు సెప్పండి' అన్నారు. చెప్పడానికి నా దగ్గర పేరు లేదు. పదేళ్ళపాటు మా ప్రాణాలను తన చేతిలో పట్టుకొన్న మనిషిని నేను ఇక ఎప్పటికీ వెతికి పట్టుకోలేను. ఏ కోర్టులోనూ తీర్చుకోలేని బాకీ అది.

కనుక మిత్రులారా, ఈసారి మీరు గోపాలపురం వెళ్ళినప్పుడు ఒడ్డున ఒక మనిషిని తెలుగులో పలకరించండి. ముందుగా పేరు అడగండి. మీ పేరు చెప్పండి. మళ్ళీ ఏడాది ఆ పేరు పెట్టి పిలుస్తూ వెళ్ళండి. అర్జీలూ, అధికరణాలూ, సంఘాలూ తరవాత వస్తాయి. పేరు తెలిసిన మనిషి కోసమే ఎవరైనా అవన్నీ చేస్తారు.